చీర అంచు పట్టుకునే అబ్బాయి వాళ్లమ్మ

ఫోన్ చేసింది డిండోలిలో మా పాత గల్లీలో మొబైళ్లు బాగుచేసే మరాఠీ ఆయన. చీర పట్టుకునే అబ్బాయి వాళ్లమ్మ పొద్దున పోయిందని, నాకు తెలుసో లేదోనని చేశానని హిందీలో చెప్పాడు. ఆమె పేరు చెప్పలేదు. ఆయనకు తెలియదు. ఆ గల్లీలో ఎవరికీ తెలియదు. కొడుకు పేరు శేఖర్ అని మాత్రం అందరికీ తెలుసు. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని.

మేము డిండోలి నుంచి ఉన్ అనే పేటకు ఇల్లు మారి ఏడాది దాటింది. పండగలకు ఫోన్ చేసుకోవడమే తప్ప కలవడం తగ్గిపోయింది. ఫోన్ పెట్టేశాను. ఎందుకో ఆమె వీపు గుర్తొచ్చింది. ఆమెను మొదటిసారి నేను చూసింది వెనుక నుంచే.

అప్పటికి మా వంశీకి ఆరేళ్లు, మిన్నుకు మూడు. వంశీకి ఆటిజం అని డాక్టరు చెప్పి చాలా రోజులైనా ఆ మాట మా ఇంట్లో నేనూ మా ఆయనా తప్ప ఎవరూ పలికేవాళ్లు కాదు. అడిగినవాళ్లకు మాటలు కొంచెం ఆలస్యం అని చెప్పేదాన్ని. మా అత్తకు అదీ నచ్చేది కాదు. మా దిక్కు ఎవ్వలకూ లేదు అనేది, నా వైపు చూసి. మిన్ను సంగతి ఇంకా తెలియదు. అది మంచం మీది నుంచి బల్ల మీదికి, అక్కడి నుంచి కిటికీ ఊచల మీదికి పాకుతుంటే చురుకైన పిల్ల అనుకుని మురిసిపోయేవాళ్లం.

ఉధ్నాలో మా ఆయన చిన్నాన్న కొడుకు రిసెప్షన్. ఇక్కడ అలాంటివి పార్టీ ప్లాట్లలో చేస్తారు. చుట్టూ గోడ, మధ్యలో షామియానా, స్టేజీ. ఎక్కడికి వెళ్లినా నేను ముందు చూసుకునేది బయటికి దారి ఎటుందని, డీజే పెట్టెలు ఎక్కడ పెట్టారని. ఆ రోజు రెండూ ఒకేచోట ఉన్నాయి. పాట మొదలయ్యేసరికి వంశీ చెవులు మూసుకుని నేల మీద పడిపోయాడు. ఆ అరుపు పాటను దాటి వినిపించింది. ఎత్తుకోబోతే తన్నాడు. వదిలేస్తే తల నేలకు కొట్టుకుంటున్నాడు. చుట్టూ జనం చేరారు. అందరూ మావాళ్లే. తల్లి పొద్దంతా ఫోన్లో ఉంటే పిల్లలు ఇట్లనే తయారవుతారని ఒకరు, ఒక్కటి పీకితే దారికొస్తాడని ఇంకొకరు. మా ఆయన పెద్దనాన్న కొడుకు ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు, వీడియోకి.

అప్పుడు వాళ్లకూ మాకూ మధ్యకి ఒక వెడల్పాటి వీపు వచ్చింది. వంగపండు రంగు పూల నైలాన్ చీర, మెడ మీద దట్టంగా పౌడరు, అందులో చెమట చారలు. ఆమె మాకు వీపు పెట్టి, జనానికి ఎదురుగా, కాళ్లు చాపుకుని నేల మీద కూర్చుంది. ఆమె పక్కన మీసాలున్న కుర్రాడు, ఇస్త్రీ చొక్కాలో, ఎటో చూస్తూ కూర్చున్నాడు. వంశీని ఆమె ముట్టుకోలేదు. నా వైపు తిరగనూ లేదు.

"నువ్వు కూసోకు చెల్లె. నిలవడు. నిలవడి వాళ్ల దిక్కు చూడు" అంది.

నిలబడ్డాను. ఒక్కొక్కరి మొహమే చూశాను. ఫోన్ పట్టుకున్న అబ్బాయి దాన్ని జేబులో పెట్టేసుకున్నాడు. మా చిన్నత్త కొంగు సర్దుకుని భోజనాల వైపు వెళ్లిపోయింది. చివరికి మేమే మిగిలాం. వంశీ అరుపు ఏడుపై, ఏడుపు ఎక్కిళ్లై ఆగింది. ఆమె లేచి చీర దులుపుకుని, అన్నం తిన్నరా అని అడిగింది. మమ్మల్ని వరసలో అందరికంటే ముందుకు తీసుకెళ్లి, పిల్లలు లైన్ల నిలవడరు, పెట్టు అంది వడ్డించే ఆయనతో. బతిమాలలేదు, కారణం చెప్పలేదు. ఆయన పెట్టాడు.

తర్వాత తెలిసింది, ఆమె ఇల్లు డిండోలిలో మా బిల్డింగుకి నాలుగు అడుగుల దూరంలోనేనని. మావాళ్లలాగే వాళ్లూ కరీంనగర్ వైపు నుంచి ఈ గుజరాతీ పట్నానికి మగ్గాల పనికి వచ్చినవాళ్లు. భర్త కార్ఖానాలో మగ్గాలు నడుపుతాడు. పెళ్లైన కొత్తలో ఆమె కూడా అక్కడే కండెలు చుట్టింది. ఆ చప్పుడులో మాట్లాడీ మాట్లాడీ గొంతు పెద్దదైపోయింది. గది నిశ్శబ్దంగా ఉన్నా అవతలి ఒడ్డున ఉన్నవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడేది.

క్షమించమని ఎవరినీ అడిగేది కాదు. నా నోట్లో మాత్రం రోజంతా సారీయే. లిఫ్టులో సారీ, బస్సులో సారీ, కింది ఇంటివాళ్లకు సారీ. శేఖర్ ఒకసారి మా ఇంట్లో కూర్చుని చేయి విసిరితే మా అత్త ఒళ్లో చాయ్ పడింది. చాయ్ చల్లారిపోయే ఉంది గానీ అత్త గొడవ మొదలుపెట్టబోయింది. అక్క ఆ చీర వైపు చూసి, తడిసింది, ఆరుతది అని తన చాయ్ తాను తాగింది. మా అత్త నోరు తెరిచి మూసేసుకోవడం నేను మొదటిసారి చూశాను.

కొడుకు బట్టల విషయంలో మాత్రం ఆమెకు పట్టింపు ఎక్కువ. ఇంట్లో బియ్యం డబ్బా మూత లేకుండా ఉండేది, కాని శేఖర్ చొక్కాకి మడత ఉండకూడదు. తడి చేత్తో పాపిడి తీసి, గోళ్లు తీసి, జేబులో తెల్ల రుమాలు పెట్టి గానీ గడప దాటనిచ్చేది కాదు. పెళ్లికొడుకులా తయారు చేస్తావేందక్కా అన్నాను ఒకరోజు నవ్వుతూ. ఆమె నవ్వలేదు.

"గలీజుగ ఉన్నోన్ని ముందుగాల కొడతరు, అటెన్క అడుగుతరు. ఇస్త్రీ అంగీ ఉంటే ముందుగాల అడుగుతరు."

అప్పటి నుంచి నేను కూడా వంశీ చొక్కాలకి ఇస్త్రీ చేయడం మొదలుపెట్టాను. 

శేఖర్‌కి చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు. బట్ట అంచు దొరికితే రెండు వేళ్ల మధ్య పెట్టుకుని, కళ్లు మూసుకుని మెల్లగా రుద్దుతాడు. దుప్పటైనా, పరదా అయినా. అన్నిటికన్నా చీర కొంగు ఇష్టం. చిన్నగా ఉన్నప్పుడు అందరూ కొంగు అందించి నవ్వేవాళ్లట. మీసాలొచ్చాక నవ్వడం మానేశారు. అక్క వాడి మణికట్టుకి చీర ముక్క ఒకటి కట్టి ఉంచేది, అది చాలని. చాలా రోజులు అది చాలింది.

వంశీకి తొమ్మిదేళ్లు వచ్చిన ఏడు, మిన్ను తీరుకి కూడా డాక్టరు దగ్గర పేరు దొరికింది. ఏడీహెచ్‌డీ. అప్పటికే స్కూల్ నుంచి వారానికోసారి ఫోన్ వచ్చేది. సీట్లో కూర్చోదు, పక్క పిల్లల పెన్సిళ్లు లాక్కుంటుంది, మెట్ల రెయిలింగ్ మీద జారుతుంది. తల్లుల వాట్సప్ గ్రూపులో ఎవరో పేరు పెట్టకుండా, కొంతమంది పిల్లల వల్ల మిగతావాళ్ల చదువు పాడవుతోందని రాస్తే కింద వరసగా బొటనవేళ్లు. స్కూల్ టైములో ఫోన్ మోగితే ఎత్తకముందే చెప్పులు వేసుకునేదాన్ని. ఒకరిని చూస్తుంటే ఇంకొకరు ఏం చేస్తున్నారోనని భయం. ఇద్దరినీ నేనే పాడుచేశానని మా అత్త అనడం మానేసింది. అనకుండా చూడటం మొదలుపెట్టింది. అది ఇంకా కష్టంగా ఉండేది.

చీరలకు రాళ్లు అంటించే పని అక్క ఇంటికి తెచ్చుకునేది. నాకూ ఇప్పిస్తానంటే ఒకరోజు వంశీని తీసుకుని ఆమెతో సలాబత్‌పురా చీరల బజారుకు వెళ్లాను. ఇరుకు సందు, రెండు వైపులా దుకాణాలు, నెత్తి మీద మూటలతో హమాలీలు. అక్క ఒక చేత్తో శేఖర్‌ని పట్టుకునే ఉంది. నెత్తి మీది చీరల మూట దించడానికి ఆ చెయ్యి వదిలింది, అంతే.

పక్క దుకాణంలో ఒకామె బేరమాడుతోంది. మెత్తటి క్రేప్ చీర, కొంగు భుజం మీది నుంచి వేలాడుతోంది. శేఖర్ రెండు వేళ్లతో అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆమె తిరిగి చూసి కేక వేసింది. ఆమెకు కనపడింది ఒక మగవాడు. ఆమెను ఏమనగలను? దుకాణం పనివాళ్లు దూకారు. మొదటి దెబ్బ చెంప మీద పడింది. శేఖర్ నవ్వాడు. భయమేస్తే వాడు నవ్వుతాడు, చిన్నప్పటి నుంచీ అంతే. ఆ నవ్వు చూసి ఇంకో ఇద్దరు కలిశారు. ఇస్త్రీ చొక్కా జేబు చిరిగి వేలాడింది.

నేను వాడి చెయ్యి పట్టుకుని లాగాను. ఒక చేతిలో నా కొడుకు చెవులు మూసుకుని ఊగిపోతున్నాడు, ఇంకో చేతిలో ఆమె కొడుకు పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. వీళ్లు ఇలాంటివాళ్లు భయ్యా, తెలియదు వీళ్లకు అని నాకొచ్చిన హిందీలో అరిచాను. ఎవరూ వినలేదు. అక్క మధ్యలోకి వచ్చింది. ఆ వీపు చూసి నాకు ధైర్యం వచ్చింది. ఇప్పుడు వీళ్ల పని పడుతుంది అనుకున్నాను.

అక్క చేతులు జోడించింది. మాఫ్ కరో, మాఫ్ కరో బెన్ అంటూ ఆ క్రేప్ చీర కట్టుకున్న ఆమె ముందు వంగి, ఆమె పాదాలు పట్టుకుంది. ఆమె కంగారుపడి వెనక్కి జరిగింది. కొట్టినవాళ్లు చేతులు దించారు. ఇలాంటివాణ్ణి ఇంట్లో కట్టేసుకోక బజారుకు ఎందుకు తెస్తారని గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయన అన్నాడు. అక్క దానికీ తల ఊపింది.

బస్సెక్కాం. శేఖర్ చిరిగిన జేబుని రెండు వేళ్లతో రుద్దుకుంటూ కూర్చున్నాడు. డిండోలిలో దిగాక, రోడ్డు దాటే ముందు అక్క ఆగింది.

"ఇయ్యాల నేను కాళ్లు మొక్కిన, ఇడిసిపెట్టిండ్రు. నేను లేనినాడు ఎవలు మొక్కుతరు చెల్లె?"

నేను వంశీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. వాడు నొప్పి పుట్టి లాక్కున్నాడు.

ఆ తర్వాత ఆమె తలుపు మూసేసింది. నేను వెళితే ఓరగా తెరిచి, పని ఉందని చెప్పి మూసేది. లోపల శేఖర్ పరదాలు లాగేస్తున్నాడని, మణికట్టు కొరుక్కుంటున్నాడని పక్కింటివాళ్లు చెప్పారు. బయట తిప్పొద్దని భర్త ఖరాఖండీగా చెప్పాడట. ఆయన పొద్దున పోయి చీకటి పడ్డాక వచ్చే మనిషి. మగ్గాల మోతకు చెవులు మందగించాయి. ఇంట్లో కొడుకు అరుపులు ఆయనకు ఎంత వినిపించేవో నాకు తెలియదు. నేను ఇంటికొచ్చి వంశీ వేళ్ల వైపు, పైపెదవి వైపు చూసేదాన్ని. ఇంకా కొన్నేళ్లు ఉన్నాయి అనుకునేదాన్ని. కొన్నేళ్లే అనుకునేదాన్ని.

ఒక సాయంత్రం అక్క మా గుమ్మంలో నిలబడి ఉంది. మెడ మీద పౌడరు, పక్కన తలదువ్విన శేఖర్. చెప్పులేసుకో, పిల్లలను పట్టుకరా అంది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు.

గల్లీ మొదట్లో పిండి గిర్ని ఉంది. మరాఠీ ఆమె నడుపుతుంది. అక్క సరాసరి ఆమె ముందుకు వెళ్లి, సగం హిందీ సగం తెలుగులో, గల్లీ అంతా వినపడే గొంతుతో చెప్పింది. వీడు నా కొడుకు. పేరు శేఖర్. పుట్టుకతోనే ఇలా ఉన్నాడు. చీర కనపడితే అంచు పట్టుకుంటాడు, ఇంకేం చేయడు. పట్టుకుంటే కొట్టొద్దు, శేఖర్ వదులు అంటే వదిలేస్తాడు. వదలకపోతే నాకు ఫోన్ చేయండి. ఆ నంబరు ఆమె చేత ఫోన్లో ఎక్కించి గానీ కదలలేదు. తర్వాత పాన్ డబ్బా, మొబైళ్ల దుకాణం, టైలర్, మెట్లెక్కి ఇళ్లు. కొందరు సగంలోనే తలుపు వేశారు. ఒక రిటైరైన ఆయన కూర్చోబెట్టి, ఇలాంటివాళ్లను సంస్థల్లో పెట్టడమే అందరికీ మంచిదని చాలాసేపు వివరించాడు. అక్క అంతా విని, పేరు యాదిల పెట్టుకో కాకా, శేఖర్ అంటూ లేచింది.

నేను వెనకాల పిల్లలను పట్టుకుని నడుస్తున్నాను. సిగ్గుతో ఒళ్లు మండుతోంది. టైలర్ దగ్గర ఆమె ఆగి, నా భుజం పట్టుకుని ముందుకు లాగింది. ఈమె కొడుకు కూడా ఇలాగే, వాడి పేరు వంశీ అని చెప్పేసింది. బిడ్డ ఒక్కచోట నిలవదు, దాని పేరు మిన్ను అని కూడా. నా నంబరూ ఇచ్చేసింది. నన్ను అడగలేదు. అన్నేళ్లు నేను దాచుకున్నది ఆ గల్లీలో ఒక్క నిమిషంలో అందరిదైపోయింది. చీకటి పడేసరికి మా అత్తకు చేరింది. ఇగ దీన్ని ఎవ్వలు చేసుకుంటరు అని మిన్నును చూసి ఆమె నెత్తి కొట్టుకుంది. నేను అక్క ఇంటికి వెళ్లి, నా పిల్లల సంగతి చెప్పడానికి నువ్వెవరని అడిగాను. నా గొంతు కూడా ఆ రోజు పెద్దగానే లేచింది. ఆమె రాళ్లు అంటిస్తూనే విన్నది. తల ఎత్తలేదు.

నేను ఆమెతో మాట్లాడటం మానేశాను. ఆమె మాత్రం రోజూ సాయంత్రం ఆరింటికి శేఖర్‌ని తీసుకుని ఆ గల్లీ అంతా తిరుగుతూనే ఉంది. అవే గుమ్మాలు, అదే మాట, మా పిల్లల పేర్లతో సహా. కిటికీలోంచి వినపడేది.

ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం నేను స్నానానికి వెళ్లాను. మిన్ను కుర్చీ వేసుకుని పైగడియ తీసింది. ఎందుకు తీశావంటే ఇప్పటికీ దానికి తెలియదు. నేను వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. వంశీ లేడు. మా ఇంటి నుంచి రైలు పట్టాలు దూరం కాదు. రైలు చక్రాలంటే వాడికి ప్రాణం. తడి జుట్టుతో, చెప్పులు లేకుండా మెట్లు దిగాను. ఆ రోజు ఆ మెట్లకు అంతే లేదు. గేటు దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఫోన్ మోగింది. మొబైళ్లు బాగుచేసే ఆయన. వంశీ నా దగ్గరున్నాడు బెహెన్, ఫ్యాన్ చూస్తున్నాడు, మెల్లగా రండి అన్నాడు.

ఆయన నా కొడుకుని పేరుతో పిలిచాడు. రోడ్డు మీద, అక్కడే కూర్చుండిపోయాను.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్లాను. గుమ్మంలో చెప్పులు విడిచాను. ఆమె అప్పటికే విన్నట్టుంది. జర ఆ గోంద్ డబ్బా అందియ్యి అంది. ఆ జిగురు అందించి, పక్కన కూర్చుని రాళ్లు అంటించాను. ఆ గొడవ మాట మళ్లీ ఇద్దరి మధ్యా రాలేదు.

ఛాతీలో నొప్పని ఆమె చాలా నెలల నుంచి అనేదట. దవాఖానాలో లైనులో శేఖర్‌ని ఎవరు పట్టుకుంటారని వాయిదా వేసింది. ఇది నాకు ఆమె పోయాకే తెలిసింది.

పిల్లలను తీసుకుని ఆటోలో డిండోలి చేరేసరికి శవాన్ని తీసుకెళ్లి తిరిగొచ్చేశారు. ఇంట్లో చుట్టాలు గోడలకు ఆనుకుని కూర్చున్నారు. శేఖర్ మూలన మంచం మీద ఉన్నాడు. ఎవరో స్నానం చేయించి మడతలు పడ్డ టీషర్టు వేశారు. అక్క తమ్ముడు ఉధ్నా నుంచి వచ్చాడు. మా అక్క సుఖపడ్డది, ఈ బాధ నుంచి ఇడుపు దొరికింది అన్నాడు. ఇక పోరణ్ణి ఏదన్నా ఆశ్రమంలో వేయడం గురించి మాట్లాడుతున్నారు. అందరూ తలలు ఊపుతున్నారు. బావ, అక్క భర్త, గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. వింటున్నాడో లేదో తెలియదు.

ఇలాంటిచోట నేనెప్పుడూ మాట్లాడలేదు.

"ఆమెకు పోవాల్నని లేకుండె అన్నా" అన్నాను. "కొడుకు ముంగట ఇంకా శాన ఏండ్లు ఉండాల్ననే ఉండె."

 అప్పుడే శేఖర్ మంచం దిగి, గుమ్మం దగ్గరికి వెళ్లి చెప్పులు వేసుకున్నాడు. గోడ గడియారంలో ఆరు కావస్తోంది. మేనమామ లేచి, ఇయ్యాల బయటికి పోవద్దని చెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు. శేఖర్ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు పెద్దదవుతోంది. అందరూ వాడినే చూస్తున్నారు. తల్లి పోయిననాడు నవ్వుతున్నడు చూడుర్రి అంది ఒక ముసలామె, ముక్కు మీద వేలేసుకుని.

"నవ్వుతలేడు. భయపడుతున్నడు" అని నేను మేనమామ చెయ్యి విడిపించాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. శేఖర్ వెంట మెట్లు దిగాను, ఒక చేత్తో వంశీని, ఇంకో చేత్తో మిన్నుని పట్టుకుని.

వాడు గిర్ని ముందు ఆగాడు. పిండి అంటుకున్న చేతులతో గిర్ని ఆమె బయటికొచ్చి, శేఖర్, వచ్చావా అంది. కళ్లు తుడుచుకుంది. రేపు కూడా ఎవరైనా వస్తారా అని నన్ను అడిగింది. నాకు తెలియదు. నేను ఉన్ నుంచి రోజూ రాలేను. నాకు ఇద్దరున్నారు. వెనక్కి తిరిగాను.

బావ వస్తున్నాడు. ఒక చెప్పు సరిగా ఎక్కక కాలు ఈడుస్తూ, వేగంగా నడవబోయి రొప్పుతూ. మా దగ్గరికి వచ్చి ఆగి, గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. అన్నేళ్లు అక్కడ బతికి, ఆ వేళప్పుడు ఆ గల్లీని ఎప్పుడూ చూసినట్టు లేడు.

"ఎటు పోతరు రోజు?" అని అడిగాడు.

ఆయనకు వినపడేలా గట్టిగా చెప్పాను.

"వానికి తెల్సు బావా. ఎనుకంగ పోదాం పా."